ఇల్లిల్లూ తిరిగిన కట్టెల మోపు

టౌను నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దన్నయ్యకి,

నీ కాళ్ళకీ వదిన కాళ్ళకీ దణ్ణం పెట్టి నీ చిన్నచెల్లెలు నాగవేణి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావు? వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఏలూరు పెద్దాసుపత్రిలో ఇచ్చిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోమన్నారు, పరగడుపున మింగొద్దని వదినకి మళ్ళీ చెప్పు. పెదనాన్న దగ్గు ఎలా ఉంది? పిల్లల్ని బడికి వెళ్ళేటప్పుడు పడవ అంచు మీద కూర్చోవద్దని గట్టిగా చెప్పు. మీరంతా కులాసాగా ఉన్నారని రెండు ముక్కలు రాస్తే నాకిక్కడ ముద్ద దిగుతుంది.

మొన్న కాయిన్ బాక్సు నుంచి మన ఊరి కొట్టు ఫోనుకి చేశాను. నిన్ను పిలుచుకొచ్చేలోగా కొట్టు దగ్గరున్న వాళ్ళందరూ తలోసారి ఫోను తీసుకుని "ఏమ్మా నాగవేణీ, భోంచేశావా, అక్క బాగుందా" అని అడిగారు. బాగుంది, బాగుంది అని చెబుతూ ఉండగానే లైను తెగిపోయింది. ఇప్పుడు రాయబోయేది ఎలాగూ ఫోనులో అరిచి చెప్పే సంగతి కాదు. ఇన్లాండు కవరు చాలదని ఆఫీసులో మిగిలిపోయిన సర్వే ఫారాల వెనక వైపు రాస్తున్నాను. ముందు వైపు ఉన్నది చదవాల్సిన పని లేదు, అది చదివినా నీకు ఒళ్ళు మండటం తప్ప ఒరిగేదేమీ లేదు.

నా ఒంటి గురించి బెంగ పెట్టుకోకు. ఎండలు మాత్రం ఇక్కడ మనుషుల్ని కాల్చేస్తున్నాయి. మన లంకలో ఎంత ఎండైనా సాయంత్రానికి నీళ్ళ మీద నుంచి గాలి వస్తుంది. ఇక్కడ సాయంత్రమైతే తారు రోడ్డు మీద నుంచి సెగ లేస్తుంది. నేనుండే గది ఫాతిమా గారింటి వెనక వసారా. ఆవిడ బట్టలు కుడతారు, భర్తకి సైకిళ్ళ షాపు ఉంది. మంచివాళ్ళు. శుక్రవారం వాళ్ళింట్లో ఏది వండితే అది ఒక గిన్నెలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచి వెళ్తారు. మిగతా రోజుల్లో నేనే వండుకుంటాను. ఇక్కడి చేపలకి రుచి లేదు, అవీ మన చేపలే అంటారు గానీ ఐసులో పడి ఎన్నాళ్ళయిందో. ఎవరైనా ఇటు వస్తుంటే వదినని అడిగి కాసిని ఎండుచేపలు పంపించు. నా ట్రంకు పెట్టెలో పదో తరగతి సర్టిఫికెట్టు ఉంటుంది, అది కూడా పంపించు. ఎందుకో కింద రాస్తాను.

నా ఉద్యోగం ఏమిటో నీకు ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు. గాలిని కొలిచే పని అని చెబితే నువ్వు ఆ రోజు పెద్దగా నవ్వావు. చెబుతాను విను. మనం బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నామే, అదీ, ఇంకా అలాంటివి కొన్నీ ఎక్కువైపోయి భూమి వేడెక్కుతోందట. కార్లూ, మిల్లులూ, కరెంటూ, చెత్తకుప్పలూ, పొయ్యిలూ, అన్నిట్లోంచీ వస్తాయట. అవి ఎక్కువగా టౌన్ల నుంచే వస్తున్నాయని, ఒక్కో టౌనూ ఎంత వదులుతోందో లెక్క తేల్చి, తర్వాత తగ్గించాలని ఒక ప్రాజెక్టు పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చి ఇక్కడ ఆఫీసు తెరిచారు. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపడానికి మహిళా సంఘాల నుంచి ఇంటరు చదివిన ఆడపిల్లల్ని తీసుకున్నారు. నాలుగు రోజులు ట్రైనింగు ఇచ్చి, మెడలో వేసుకునే కార్డూ ఒక స్ప్రింగు కాటా చేతికిచ్చారు. ప్లాస్టిక్కు వాసన వచ్చే ఆ కొత్త కార్డు మెడలో వేసుకుని నేను ఎంత మురిసిపోయానో నాకే తెలుసు. సరస్సు జాగా అని మన చేపల చెరువు గట్లు బుల్డోజర్లతో కొట్టేసిన తర్వాత మన ఇంట్లో అంత సంతోషపడిన మనిషి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పని చెప్పడానికి తేలిక. ఇంట్లో ఎంతమంది, పొయ్యిలోకి ఏం వాడతారు, కట్టెలా, ఊకా, కిరసనాయిలా, గ్యాసా, రోజుకి ఎన్నిసార్లు వెలిగిస్తారు, కరెంటు ఎంత కాలుతుంది, బండి ఉందా, చెత్త ఎక్కడ పోస్తారు. కట్టెలు వాడే ఇళ్ళలో మాత్రం ఒక రోజుకి సరిపడే కట్టెలు పెట్టించి కాటాకి తగిలించి తూచి రాయాలి. ప్రాజెక్టు సారు కుర్రాడే, మంచిగానే మాట్లాడతాడు. "మీరు రాసేదే బేస్ అమ్మా, మీరు తప్పు రాస్తే మొత్తం తప్పవుతుంది" అని ట్రైనింగులో పదిసార్లు చెప్పాడు. అప్పుడు ఆ మాట గొప్పగా అనిపించింది.

ముందు నన్ను డాబాల వీధికి పంపించారు. అక్కడ ఒక్క గేటూ తెరవలేదు అన్నయ్యా. కాలింగు బెల్లు కొడితే వాచ్‌మనో పనమ్మాయో వచ్చి, "అయ్యగారు పడుకున్నారండీ, రేపు రండమ్మా" అనేవాళ్ళు. రేపు వెళితే ఎల్లుండి. మర్యాదకి లోటు లేదు, అండీ అనకుండా ఒక్కరూ తరమలేదు. గోడ అవతల ఏసీలు గుయ్యిమంటుండేవి, గుమ్మంలో రెండేసి కార్లు ఉండేవి, పక్కనున్న ఫంక్షన్ హాలు జనరేటరు నల్లగా కక్కుతూ ఉండేది. నేను మాత్రం ఫారం మీద "తలుపు తాళం" అని రాసుకుని వచ్చేదాన్ని. ఇలా ఎన్నాళ్ళండీ అని సారుని అడిగాను. "రెస్పాన్స్ లేకపోతే ఖాళీ వదిలేయమ్మా, కంప్యూటర్ సున్నా తీసుకుంటుంది, టైమ్ లేదు" అన్నాడు. సరేనని ఖాళీ వదిలేశాను. అది నా మొదటి తప్పు. అది అందరూ చేసిన తప్పే కాబట్టి దానికి నాకు అంత బాధ లేదు.

తర్వాత కాలవ గట్టు మీదున్న పేట ఇచ్చారు. మంగక్క ఉండే పేటే. నీకు తెలిసిందే, చెరువులు పోయాక మన లంకల నుంచి వచ్చిన వాళ్ళందరూ ఆ గట్టు మీదే పాకలు వేసుకున్నారు. నలభై రెండు పాకలు. నేను అడిగి మరీ ఆ పేట తీసుకున్నాను. అక్కని రోజూ చూడొచ్చని, మన వాళ్ళయితే గుమ్మంలో నిలబెట్టరని.

నిలబెట్టలేదు. పీటలు వేశారు. కార్డు చూసి, "మన వడ్డోళ్ళ పిల్ల, చేపలోళ్ళ పిల్ల ఆఫీసరమ్మయింది" అని టీలు తెప్పించారు. ఆ టీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి పిల్లాడి పాలు అందులో పోశారో అడగడానికి నాకు నోరు రాలేదు. అక్కది మూడో పాక. బావ భీమవరం అవతల ఎవరివో చెరువుల మీద కాపలాకి వెళ్ళాడు కదా, నెలకోసారి వస్తాడు. అక్క బజారులో చేపలు కోసే పనికి వెళ్తుంది. పొద్దున్నే ఏమీ వెలిగించదు. సాయంత్రం పని నుంచి వచ్చాక ఒక్కసారి ఊక పొయ్యి మీద అన్నం వండి, పిల్లలకి పెట్టి, మిగిలింది మర్నాటికి నీళ్ళు పోసి ఉంచుతుంది. కూర ఉన్నరోజు ఉన్నట్టు, లేనిరోజు లేనట్టు. ఇది నాకు తెలుసు, ఎందుకంటే నేను చెప్పాపెట్టకుండా వెళ్ళిన రోజుల్లో ఆ ఇంట్లో ఏం ఉండేదో నా కళ్ళతో చూశాను. నేను వస్తున్నానని తెలిసిన ఆదివారం మాత్రం పులుసు ఉండేది.

మొదటి పాక ఇడ్లీల పార్వతమ్మది. ఆవిడ పొద్దున్నే గట్టు మలుపులో ఇడ్లీలు వేసి అమ్ముతుంది, కాబట్టి ఆవిడ దగ్గర మాత్రం సరుగుడు కట్టెలు ఉంటాయి. మోపు తెచ్చి పెట్టింది. ఎర్రటి లంగా పీలికతో కట్టి ఉంది, మధ్యలో ఒక పంగల కర్ర పైకి పొడుచుకొచ్చి ఉంది. కాటాకి తగిలిస్తే పదకొండు కిలోలు తూగింది. రాసుకున్నాను. రెండో పాకలో ముసలామె. "రోజుకి ఎన్నిసార్లు వెలిగిస్తారు మామ్మా?" అంటే, "మూడు పూట్లా వెలుగుద్దమ్మా, ఏం, మాకేం తక్కువ?" అంది. కట్టెలు చూపించమన్నాను. వెనక్కి వెళ్ళి మోపు తెచ్చింది. ఎర్ర పీలిక. పంగల కర్ర.

నాకు ముందు అర్థం కాలేదు, ఒకే చోట కొన్నారేమో అనుకున్నాను. మూడోది అక్క పాక. అక్క పాకలో కట్టెలు ఉండవని నాకు తెలుసు, ఊక బస్తా మూల ఉంటుంది. అక్క నా ముఖంలోకి చూడకుండా, "కూర్చోండి ఆఫీసరు గారూ" అని నవ్వుతూ వెనక తడిక తీసి మోపు అందుకుంది. ఆ తడిక అవతల రెండో పాక ముసలామె చెయ్యి కనపడింది. "మూడు పూట్లా వండుకుంటామండీ, రాత్రికి కూడా వేడిగానే తింటాం, రాసుకోండి" అంది. పక్కనే నలుగురు ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు.

నేను వాళ్ళ ముందు వీధి వైపు నుంచి నడుస్తుంటే, ఆ మోపు పాకల వెనక నుంచి నాకంటే ముందు నడుస్తూ ఉంది అన్నయ్యా. నలభై రెండు ఇళ్ళూ తిరిగింది. ఇంటింటికీ చేతులు మారి బెరడు రాలిపోయి, చివరి పాకకి వచ్చేసరికి పదిన్నర కిలోలకి దిగింది. నేను ప్రతి ఇంట్లోనూ దాన్ని కాటాకి తగిలించాను. ప్రతి ఇంట్లోనూ తూచి, పదకొండు, పదకొండు, పదీ ముప్పావు అని రాసి, కింద సంతకం పెట్టాను.

ఎందుకు రాశావే అని నువ్వు అడుగుతావు. నువ్వు అడక్కూడదు. మన చెరువు కొట్టేసిన ఏడాది వర్షాకాలంలో, ఇంట్లో గింజ లేని రోజున కూడా వదిన పొయ్యి వెలిగించి ఒట్టి నీళ్ళు మరగబెట్టేది. మన కప్పు మీద నుంచి పొగ రాకపోతే ఎదురింటివాళ్ళకి తెలిసిపోతుందని. నీకు తెలియదనుకుంటుంది, నువ్వు కూడా తెలియనట్టే ఉన్నావు, నాకు ఇద్దరి సంగతీ తెలుసు. ఈ ముక్క మాత్రం వదినకి చదివి వినిపించకు. మన వాళ్ళ దగ్గరికి ఎవరైనా వచ్చి మీ ఇంట్లో పొయ్యి ఎన్నిసార్లు వెలుగుతుంది అని అడిగితే, అది కట్టెల లెక్క కాదు, తింటున్నారా లేదా అని నలుగురిలో అడగడం. ఆ ప్రశ్న హైదరాబాదులో కూర్చుని ఎవరు రాశారో గానీ వాళ్ళకి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ అడిగాను. అడిగాక, ఇది పక్కింటి మోపు కదా అని అక్కతో ఏ నోటితో అనను?

రాసిచ్చి ఊరుకున్నాను. ఏదో ప్రభుత్వం వాళ్ళ కాగితం, ఎక్కడో బీరువాలో పడి ఉంటుందనుకున్నాను. మన గురించి రాసిన కాగితాలు ఎప్పుడూ బీరువాలో ఉండవని, బుల్డోజరు ఎక్కి వస్తాయని నాకు అప్పటికే తెలిసుండాల్సింది.

రెండు నెలలకి ఆఫీసులో గోడ మీద టౌను మ్యాపు పెట్టారు. ఎక్కువ పొగ వచ్చే చోట ఎరుపు, తక్కువ చోట పసుపు, అసలు లేని చోట ఆకుపచ్చ. డాబాల వీధి పచ్చగా మెరిసిపోతోంది. కాలవ గట్టు ఎర్రగా ఉంది. అంత ఎరుపు టౌను మొత్తం మీద ఇంకెక్కడా లేదు. సారు నన్ను పిలిచి అందరి ముందూ మెచ్చుకున్నాడు. "నాగవేణి డేటా చూడండి, ఎంత కన్సిస్టెంట్‌గా ఉందో, ప్రతి హౌస్‌హోల్డ్ ఆల్మోస్ట్ సేమ్" అన్నాడు. ఒకే మోపుని నలభై రెండుసార్లు తూస్తే సేమ్ రాక ఏం వస్తుంది? అందరూ చప్పట్లు కొట్టారు.

కొలవడం అయిపోయింది, ఇక తగ్గించాలి అన్నారు. ఏడాది తిరిగేలోగా ఏదో ఒకటి తగ్గినట్టు చూపించకపోతే ప్రాజెక్టు ఉండదట. కార్లు తగ్గించండి, ఏసీలు తగ్గించండి అని ఎవరికి చెబుతారు, గేటు తెరిచేదెవరు? ఎర్రగా ఉన్నచోటు నుంచి మొదలుపెడదాం అన్నారు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. గ్యాసు పొయ్యిలు ఇస్తారేమో, అక్క ఊక దుమ్ముకి దగ్గకుండా ఉంటుందేమో అనుకున్నాను. ఆ మాటే సారుని అడిగాను. "అది వేరే డిపార్ట్‌మెంట్ అమ్మా" అన్నాడు. గట్టు ఖాళీ చేయించి, పాకల్ని రైలు గేటు అవతల టౌను హద్దు దాటించి, గట్టు మీద మొక్కలూ నడిచే దారీ వేస్తారట. అక్కడి పొయ్యిలు టౌను లెక్కలోకి రావు కాబట్టి టౌను పొగ తగ్గుతుందట. ఇది నేను కల్పించి రాస్తున్నది కాదు, పటం మీద కర్ర పెట్టి చూపించి మరీ చెప్పాడు.

అన్నయ్యా, సరస్సుకి ఒక గీత గీసి మన చెరువు లోపల పడిందని కొట్టేశారు. ఇప్పుడు టౌనుకి ఒక గీత గీసి అక్క పొయ్యిని బయటికి తోస్తున్నారు. గీత లోపలున్నా మనదే తప్పు, బయటున్నా మనదే తప్పు. ఈసారి గీసిన చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి పరిగెత్తాను. ఊక చెరుగుతోంది. సంగతంతా చెప్పి, రేపు బడి వసారాలో మీటింగు ఉంది, ఆ మోపు ఒక్కటేనని నేను లేచి చెప్పేస్తాను, లెక్క తప్పని తేలితే మళ్ళీ కొలుస్తారు, గట్టు నిలబడుతుంది అన్నాను.

అక్క చాట కింద పెట్టలేదు. "చెప్పు" అంది. "చెప్పి, ఏ ఇంట్లో ఎన్ని పూటలు పస్తో అది కూడా మైకులో చదువు. అక్కడ మీ బావ చెరువు మీద పడుకుని, పెళ్ళాం పిల్లలు తింటున్నారనే ధీమాతో నాలుగు ముద్దలు మింగుతున్నాడు. ఆయనకి తెలియాలి. నీకు కార్డు ఉంది కదా, చదువు."

"పాక పోతుందే అక్కా" అన్నాను.

"పాక పోతే ఇంకో పాక వేసుకుంటాం. ఇంతవరకూ మూడుసార్లు వేశాం. పరువు పోతే తాటాకులతో కప్పుకోలేం గదే" అంది. తర్వాత కాస్త మెత్తబడి, "ఏం తిన్నావు పొద్దున్న?" అని అడిగింది. నేను ఏడుస్తూ వచ్చేశాను.

మర్నాడు మీటింగుకి పేట పేటంతా వచ్చింది. ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని, తలలు దువ్వుకుని, ముందు వరసల్లో కూర్చున్నారు. సారు లెక్కలు చదివాడు, మీ ఆరోగ్యం కోసమే అన్నాడు, అక్కడ ఖాళీ స్థలం ఉంది, ట్రాక్టర్లు మేమే పంపిస్తాం అన్నాడు. ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. నేను లేచాను. ఆ లెక్క తప్పండీ, అన్ని ఇళ్ళలోనూ నేను తూచింది ఒకటే మోపండీ, పార్వతమ్మ గారి మోపు ఇల్లిల్లూ తిప్పారండీ, వీళ్ళు రోజుకి ఒక్క పూటే వండుకుంటారండీ, అన్నాను.

సారు పార్వతమ్మ వైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు. పార్వతమ్మ తల దించుకుంది. ఆవిడ పక్క నుంచి అక్క లేచింది. కొంగు భుజం మీదుగా కప్పుకుని, చాలా నిదానంగా, "లేదండీ. మా కట్టెలు మావేనండీ. మూడు పూట్లా వండుకుంటామండీ. చిన్నపిల్ల, ఏదో పొరబడిందండీ" అంది. వెనక నుంచి ఒకరి తర్వాత ఒకరు, అవునండీ, మావేనండీ, అన్నారు. రెండో పాక ముసలామె కూడా లేచి అంది. ఒక్కరూ గొంతు పెంచలేదు.

సారు నా వైపు చూసి, "తూచింది నువ్వు, సంతకం నీది. ఇప్పుడు తప్పంటే మేము ఏది నమ్మాలి? కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. మీటింగు అయ్యాక అక్క పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని నా ముందు నుంచే వెళ్ళిపోయింది. చిన్నది నా వైపు చెయ్యి చాపితే వెనక్కి లాక్కుంది. పాక ఎలాగూ పోయింది. పరువు కూడా నేను తీశాను. రెండిట్లో ఒక్కటి కూడా నిలబెట్టలేకపోయాను.

పది రోజులకి ట్రాక్టర్లు వచ్చాయి. సామాను ఎక్కించడానికి సెలవు పెట్టి వెళ్ళాను. పార్వతమ్మ ఒక్కతే నాతో మాట్లాడింది. అక్క నా చేతికి ఒక్క గిన్నె అందివ్వలేదు, నేను పట్టుకున్న చాపని మెల్లిగా నా చేతుల్లోంచి తీసుకుని తనే ఎక్కించుకుంది. రైలు గేటు అవతల చెత్త పోసే చోటికి కాస్త ఇవతల స్థలం ఇచ్చారు. నీళ్ళు లేవు. బజారుకి నడిచి రావాలంటే గంట పడుతుంది, చేపలు కోసే పనికి ఆ వేళకి అందలేరు. అక్కడ ఇప్పుడు చెత్తలో దొరికిన ప్లాస్టిక్కూ టైరు ముక్కలూ కలిపి మండిస్తున్నారు, ఊక తెచ్చుకునే దారి లేక. ఆ పొగ రైల్లో వెళ్ళేవాళ్ళకి కూడా కనపడుతుంది. మా ఆఫీసులో మ్యాపు మీద మాత్రం ఆ స్థలం లేనే లేదు.

పోయిన వారం సారు పిలిచి, గట్టు వార్డుకి రీసర్వే చెయ్యాలి, ఆ వార్డు నీదే కదా అని ఫారాల కట్ట ఇచ్చాడు. వెళ్ళాను. గట్టు మీద సిమెంటు బల్లలు వేశారు. పొయ్యిలు ఉన్నచోట నేల ఇంకా నల్లగానే ఉంది, దాని మీద గన్నేరు మొక్కలు పాతారు. డాబాల వీధి ఆయన ఒకాయన బూట్లు వేసుకుని నడుస్తూ, "ఏవమ్మా, ఇప్పుడు గాలి ఎంత బాగుందో" అన్నారు. ఆయన్ని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. బాగుందండీ అన్నాను. బల్ల మీద కూర్చుని నలభై రెండు ఫారాలూ నింపాను. మనుషులు సున్నా. పొయ్యిలు సున్నా. కట్టెలు సున్నా. సంతకం పెట్టాను. ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచి ఆ పేట గురించి నేను రాసిన నిజం అదొక్కటే.

సారు చాలా సంతోషించాడు. టౌను బాగా తగ్గించిందని హైదరాబాదు మీటింగులో చెబుతారట. నన్ను పర్మనెంటు చేస్తామంటున్నాడు, దానికే పదో తరగతి సర్టిఫికెట్టు కావాలి. పంపించమని పైన రాశాను. పంపించొద్దులే. ట్రంకు పెట్టె తాళం నా దగ్గరే ఉంది, పగలగొట్టకు. ఈ పని మానేసి ఫాతిమా గారి దగ్గర కుట్టు నేర్చుకుంటాను. ఆవిడ ఎప్పటి నుంచో రమ్మంటున్నారు. నా గురించి బెంగ పెట్టుకోవద్దని మళ్ళీ చెబుతున్నాను. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను.

పెదనాన్నకి నా దణ్ణాలు చెప్పు. నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించినట్టు అనుకోమను. వదినకి, పిల్లలకి, అడిగిన వాళ్ళందరికీ నేను అడిగానని చెప్పు. ఈ కాగితాలు చదివాక పొయ్యిలో పడెయ్యి, ఊళ్ళో ఎవరి కంటా పడనివ్వకు.

అసలు సంగతి చివరికి వచ్చింది. అక్క ఈ శుక్రవారం మండవల్లి బస్సుకి పిల్లలతో మన ఇంటికి వచ్చేస్తోంది. నాకు చెప్పలేదు, పార్వతమ్మ చెప్పింది. అందుకే ఇది ముందుగా నీకు అందాలని ఇవాళ రాస్తున్నాను. టౌను గాలి పడలేదని చెబుతుంది, అక్కడ దేనికీ లోటు లేదని చెబుతుంది. నువ్వు అవునని తల ఊపు, ఏమీ అడక్కు. పిల్లలు చిక్కారని వదినని అననివ్వకు. నా మాట నీ అంతట నువ్వు ఎత్తొద్దు. అక్క తనంతట తను నా పేరు ఎత్తితే, తిట్టినా సరే, ఏమందో ఉన్నదున్నట్టు నాకు రాయి. ఎత్తకపోతే, ఎత్తలేదని మాత్రం రాయకు.

నీ మాట కోసం ఎదురుచూసే చెల్లెలు,
నాగవేణి